దళారి: ఒక మాట వెనుక నాలుగు పనులు

చోడవరం చుట్టుపక్కల చెరకు, బెల్లం గురించి మాట్లాడితే ఒక మాట దొర్లక తప్పదు. ధర పడిపోయిందా, దళారులు కుమ్మక్కయ్యారంటారు. ధర పెరిగినా రైతుకు దక్కలేదా, మధ్యలో దళారి తిన్నాడంటారు. ఎన్నికల సభల్లో అన్ని పార్టీలూ దళారీ వ్యవస్థను తుదముట్టిస్తామనే చెబుతాయి. 2022 ఏప్రిల్ 4న చోడవరం విశాఖపట్నం జిల్లా నుంచి విడిపోయి అనకాపల్లి జిల్లాలో కలిసింది. జిల్లా పేరు మారినా ఈ మాట మాత్రం మారలేదు. ఇంతగా తిట్లు తినే ఈ మాట ఎక్కడ పుట్టింది? మొదట దాని అర్థమేమిటి? దళారి చేసే పని ఏమిటి? అతన్ని తీసేయాలని ఇప్పటిదాకా జరిగిన ప్రయత్నాలు ఎంతవరకు నెగ్గాయి? ఈ నాలుగు ప్రశ్నలనూ ఒకచోట పెట్టి చూడటం ఈ వ్యాసం పని.

దారి చూపేవాడు

దళారి అరబ్బీ నుంచి వచ్చిన మాట. దాని మూలం ‘దల్లాల్’. దారి చూపడం, ఫలానాదని సూచించడం అనే అర్థమున్న ధాతువు నుంచి అది పుట్టింది. ఆ ధాతువు నుంచే వచ్చిన ‘దలీల్’కు అరబ్బీలో మార్గదర్శి అనీ, రుజువు అనీ అర్థాలున్నాయి. ఉర్దూలో వాదనకు వాడే దలీల్ కూడా అదే. కాబట్టి పుట్టుకలో దల్లాల్ అంటే అమ్మేవాడికి కొనేవాణ్ణి, కొనేవాడికి సరుకును చూపించేవాడు. సంస్కృతంలోని దళంతో దీనికి చుట్టరికం లేదు.

అరబ్బీలో ఒక వృత్తిని అదే పనిగా చేసేవాడికి పేరు పెట్టే పద్ధతి ఒకటుంది. ధాతువులో నడిమి హల్లును ద్విత్వం చేసి, తర్వాతి అచ్చును దీర్ఘం చేస్తారు. మోసేవాడు హమ్మాల్, నాణేలు మార్చేవాడు సర్రాఫ్, సరుకు చూపేవాడు దల్లాల్. ఈ మూడూ తెలుగులోకి వచ్చాయి. హమ్మాల్ మన హమాలీ అయ్యాడు. సర్రాఫ్ షరాబు అయ్యాడు, ఇంటిపేరుగా కూడా నిలిచాడు. దల్లాల్ దళారి అయ్యాడు. మార్కెట్ యార్డులో బస్తా మోసేవాడి పేరూ, ఆ బస్తాకు బేరం కుదిర్చేవాడి పేరూ ఒకే అచ్చులో పోసినవని గుర్తించేవారు తక్కువ.

హిందీ, ఉర్దూల్లో మనిషి దలాల్, అతను తీసుకునే రుసుము దలాలీ. కన్నడంలో మనిషే దల్లాళి. తెలుగులో రుసుముకు దలాలీ ఉంది, మనిషికి దళారి స్థిరపడింది. పక్కపక్కన వచ్చే రెండు లకారాలలో ఒకటి ళకారమై, రెండోది రేఫమైంది. వ్యాపారి, అధికారి లాంటి మాటల తూగు కూడా దీనికి తోడ్పడి ఉండాలి. అలా అరబ్బీ మాట పూర్తిగా తెలుగు వేషం వేసుకుంది.

ఆ మాట రాకముందు

అరబ్బీ మాట రాకముందు తెలుగు నేల మీద ఈ పని లేకపోలేదు. పాత నిఘంటువుల్లో ‘తరగరి’ కనిపిస్తుంది. బేరం కుదిర్చి రుసుము తీసుకునేవాడు తరగరి, ఆ రుసుము తరగు. తమిళంలో ఈనాటికీ తరగు, తరగర్ వాడుకలో ఉన్నాయి. కేరళలో తరకన్ ఇంటిపేరైంది. ఇది ద్రావిడ భాషల ఉమ్మడి సొత్తు. వ్యవహారికి తద్భవమైన బేహారి, శ్రేష్ఠికి తద్భవమైన శెట్టి కూడా పాత వర్తకపు మాటలే.

మరి తరగరి ఎందుకు వెనకబడ్డాడు? జవాబు పాలన చరిత్రలో ఉంది. కుతుబ్‌షాహీల కాలం నుంచి ఉత్తర కోస్తా చికాకోలు సర్కారు కింద నడిచింది. 1765లో మొగలు పాదుషా షా ఆలం ఫర్మానాతో ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీకి దఖలు పడ్డాయి. మరుసటి ఏడాది నిజాంతో ఒప్పందమూ కుదిరింది. దొరలు మారినా లెక్కల భాష మారలేదు. జమ, ఖర్చు, బాకీ, వసూలు, నగదు, కౌలు, గుమాస్తా, ఇవన్నీ అరబ్బీ, పారశీకాల నుంచి కచేరీ గుండా వచ్చి ఊళ్లో కుదురుకున్న మాటలు. పన్ను కట్టేచోట, రశీదు రాసేచోట ఏ మాట వాడితే బజారులోనూ అదే చెల్లింది. దళారి ఆ గుంపుతో వచ్చాడు. తరగరి నిఘంటువులో మిగిలాడు.

వచ్చిన మాటలన్నీ తెచ్చుకున్న అర్థంతోనే ఉండలేదు. పారశీకంలో ‘ఖరీద్’ అంటే కొనుగోలు. మనకు ఖరీదు అంటే ధర. అయితే తెలంగాణ మార్కెట్ యార్డుల్లో కొనేవాణ్ణి నేటికీ ఖరీదుదారు అంటారు. అక్కడ పాత అర్థం బతికే ఉంది. దళారి విషయంలో అర్థం అంతగా మారలేదు గాని మర్యాద మారింది.

మర్యాద ఎక్కడ పోయింది

ముంబయి స్టాక్ ఎక్స్ఛేంజి ఉన్న వీధి పేరు దలాల్ స్ట్రీట్. 1875లో అక్కడి షేరు బ్రోకర్లు సంఘం పెట్టుకున్నారు. దేశపు పెట్టుబడి బజారంతటికీ ఆ వీధి పేరే గుర్తు. పశ్చిమ భారతంలో దలాల్ గౌరవమైన ఇంటిపేరు కూడా. అదే మాట తెలుగులో నిందగా మారింది. అయితే ఈ వృత్తి మీద అనుమానం తెలుగువాళ్లతో మొదలైంది కాదు.

12వ శతాబ్దపు సిరియాలో బజారు తనిఖీ అధికారుల కోసం అల్-షైజరీ తాను రాసిన గ్రంథంలో దల్లాళ్లకు ఒక అధ్యాయం కేటాయించాడు. దల్లాల్ నమ్మకస్తుడై ఉండాలి, తానే ధర పెంచకూడదు అన్నది అందులోని సారాంశం. అమ్మేవాడి తరఫున నిలబడ్డవాడే రహస్యంగా కొనేవాడు కూడా అయితే ధర ఎవరికి అనుకూలంగా తేలుతుందో చెప్పనక్కర లేదు. ఈనాటి మార్కెట్ యార్డు ఫిర్యాదుల్లో చాలా ఈ ఒక్క అనుమానం చుట్టూ తిరిగేవే. 14వ శతాబ్దం తొలినాళ్లలో అలాఉద్దీన్ ఖిల్జీ ఢిల్లీలో సరుకుల ధరలు కట్టడి చేసినప్పుడు గుర్రాల బజారు దళారులను కఠినంగా శిక్షించాడని చరిత్రకారుడు జియాఉద్దీన్ బరనీ రాశాడు. దళారీ నిర్మూలన అనే నినాదానికి ఏడు వందల ఏళ్ల వయసుందన్నమాట.

యూరపు కంపెనీలకు మాత్రం మధ్యవర్తి లేనిదే అడుగు పడలేదు. 1639లో మద్రాసు స్థలం కోసం ఆంగ్ల కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ డే బేరమాడినప్పుడు పక్కన నిలిచిన దుబాసీ బేరి తిమ్మప్ప. సూరతులో ఆంగ్ల కంపెనీకి 17వ శతాబ్దంలో భీమ్‌జీ పరేఖ్ దలాలుగా పనిచేశాడు. 1682లో విశాఖపట్నంలో ఆంగ్లేయులు వర్తక స్థావరం పెట్టాక ఇక్కడి నేత బట్ట కూడా అలాంటివారి చేతుల మీదుగానే ఓడ ఎక్కింది. నేతగాడికి ముందుగా సొమ్మిచ్చి, తర్వాత బట్ట తీసుకోవడం ఆ కాలపు రివాజు. సొమ్మిచ్చినవాడికే సరుకు వేయాలి. మర్యాద సన్నగిల్లిన చోటు ఇదే. దారి చూపినవాడికి కూలి దక్కుతుంది. అప్పిచ్చినవాడికి అధికారం దక్కుతుంది.

నేటి తెలుగులో ఈ ఒక్క పనికి చాలా పేర్లున్నాయి, వాటికి అంతస్తులూ ఉన్నాయి. లైసెన్సు గోడకు తగిలించుకున్నవాడు కమీషన్ ఏజెంటు. తెలంగాణలో అతనే అడ్తిదారు. ఇళ్ల స్థలాలు చూపేవాడు బ్రోకరు, 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం ప్రకారం నమోదు చేసుకుంటే ఏజెంటు. పెద్దమనుషుల తగవుల్లో కూర్చుంటే మధ్యవర్తి. ఇవేవీ కానివాడికి, లేదా వీళ్లలో మనకు నచ్చనివాడికి దళారి అన్న పేరు మిగులుతుంది. అందుకే ఇప్పుడు దళారి అనగానే వృత్తికంటే ముందు తీర్పు వినబడుతుంది. ఆ తీర్పు వెనుక ఏ పని ఉందో చూడాలంటే చెరకు తోటలోకి వెళ్లాలి.

చెరకు నుంచి బెల్లం కొట్టు దాకా

చోడవరం రైతుకు చెరకు అమ్ముకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి గోవాడలోని చోడవరం సహకార చక్కెర ఫ్యాక్టరీ. రెండోది క్రషర్ దగ్గర బెల్లం వండించి అనకాపల్లి మార్కెట్టుకు తీసుకెళ్లడం. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో అనకాపల్లి ఒకటి. అక్కడి నుంచి సరుకు ఒడిశా, పశ్చిమ బెంగాల్, బీహార్‌లకు వెళ్తుంది. 1913 నుంచీ అనకాపల్లిలో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉండటం, అక్కడ చెరకుకు పెద్దపీట వేయడం ఈ ప్రాంతంలో ఆ పంట స్థానాన్ని చెబుతాయి.

చెరకుకు ఓ చిక్కుంది. నరికాక ఆలస్యమైతే గడలో తీపి తగ్గుతుంది. బెల్లానికి మరో చిక్కు. గాలిలో చెమ్మ పట్టి కారిపోతుంది. ఏడాది పొడుగునా పెంచిన పంటను ధర కోసం దాచి ఉంచే వెసులుబాటు రైతుకు దాదాపు లేదు. ఆగలేనివాడు అమ్ముతుంటే ఆగగలిగినవాడు కొంటాడు. ఆ ఇద్దరి నడుమ నిలబడ్డవాడు నాలుగు పనులు చేస్తాడు.

మొదటిది, కొనేవాణ్ణి చూపించడం. కటక్‌లోనో కోల్‌కతాలోనో ఉన్న టోకు వర్తకుడు చోడవరం రైతుకు తెలియడు. ఏ రంగు బెల్లం ఏ ఊళ్లో పోతుందో మార్కెట్టులో కమీషన్ కొట్టు నడిపేవాడికి తెలుసు. దళారి మాటకు మొదటి అర్థమైన దారి చూపడం ఇదే.

రెండోది, పెట్టుబడి. నాట్లకు, ఎరువుకు, నరుకుడు కూలికి, ఇంట్లో పెళ్లికి కూడా ముందుగా సొమ్ము కావాలి. ఇచ్చిన కొట్టుకే బెల్లం వేయాలన్నది కాగితం మీద లేని షరతు. వేలంలో ధర బాహాటంగా పలికినా, ఏ కొట్టుకు వేయాలో రైతు చేతిలో లేనప్పుడు వడ్డీ, మినహాయింపుల దగ్గర అతని నోరు లేవదు.

మూడోది, డబ్బుకు పూచీ. దూరపు వర్తకుడు వారాల తర్వాత డబ్బు పంపుతాడు. రైతుకు ఇవాళే కావాలి. ఆ మధ్య కాలాన్ని మోసేది కొట్టు. దూరపు వర్తకుడు ఎగ్గొడితే మునిగేది ముందుగా కొట్టే. ఈ పూచీకి ఒక ధర ఉండటం న్యాయమే. ఎంత అన్నదే తగవు.

నాలుగోది, తూకం, రకం. దిమ్మ ఒకటో రకమా రెండో రకమా, తడికి తరుగు ఎంత, ఈ తీర్పు ఎవరిది? అనకాపల్లిలో తూచేవారిని కొలగార్లు అంటారు, మోసేవారిని కళాసీలు. తెలంగాణ యార్డుల్లో తూచేవారు దడవాయిలు. వాళ్లు ఎవరి మనుషులన్నది ధర కంటే పెద్ద ప్రశ్న. క్వింటాలుకు నాలుగు కిలోల తరుగు తీస్తే, పలికిన ధరలో నాలుగు శాతం తగ్గినట్టే.

ఈ నాలుగూ ఒకే మనిషి చేతిలో ఉన్నప్పుడు దళారి బలవంతుడు. విడదీస్తే అతనూ మామూలు వర్తకుడే.

నిర్మూలన ప్రయత్నాలు ఏం చెప్పాయి

మద్రాసు రాష్ట్రంలో 1933లో వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌కు 1966లో సొంత వ్యవసాయ మార్కెట్ల చట్టం ఏర్పడింది. మార్కెట్ కమిటీ, లైసెన్సు, బహిరంగ వేలం, రశీదు, వీటి లక్ష్యం దళారిని వెలుగులోకి తేవడం. నాలుగో పనిలో, అంటే తూకంలో, ఇవి నిజమైన మేలు చేశాయి. రెండో పనిని ముట్టుకోలేదు. లైసెన్సున్నవాడూ అప్పిస్తాడు, ఆ అప్పు యార్డు రికార్డులోకి ఎక్కదు.

సహకార ఫ్యాక్టరీ ఇంకా లోతైన ప్రయత్నం. 1930ల్లోనే ఏటికొప్పాకలో సహకార చక్కెర ఫ్యాక్టరీ మొదలైంది. తుమ్మపాల, తాండవ, గోవాడలు ఆ బాటలో నడిచాయి. ఫ్యాక్టరీ కాటా మీద బండి ఎక్కితే బేరం లేదు, వేలం లేదు. కేంద్రం ఏటా ప్రకటించే ధరకు తక్కువ ఇవ్వకూడదు. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం 14 రోజుల్లో డబ్బు చెల్లించాలి, ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ కట్టాలి. కాగితం మీద మొదటి, మూడో, నాలుగో పనులు దళారి చేయి దాటిపోయాయి. కాని చక్కెర ధర పడిపోయి, యంత్రాలు పాతబడి, అప్పులు పేరుకుని తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ మూతపడ్డాయి. గోవాడలోనూ బకాయిల కోసం రైతులు రోడ్డెక్కిన సందర్భాలున్నాయి. బకాయి పడ్డ ప్రతిసారీ రైతు క్రషర్ వైపు, అక్కడి నుంచి కొట్టు వైపు మళ్లుతాడు. చేతిలో రొక్కం పెట్టేవాడు అక్కడే ఉన్నాడు మరి. మూడో పని చేయలేని సంస్థ మిగతా మూడూ బాగా చేసినా దళారిని తీసేయలేదు.

మన్యం అనుభవం దీనికి భిన్నం. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ చింతపండు, అడ్డాకు, తేనె లాంటి అటవీ ఫలసాయం కొనడంతో ఆగలేదు. డిపోల్లో బియ్యం, ఉప్పు, కిరసనాయిలు అమ్మింది. పంట రుణాలూ ఇచ్చింది. సంతకు వచ్చే గిరిజనుణ్ణి దారిలోనే ఆపి సరుకు కొనే షావుకారు బలం అప్పులోనే ఉందని ఆ సంస్థను రూపొందించినవారు గ్రహించారు. అమలులో లోపాలు ఎన్నున్నా ఆ ఆలోచన సరైనది.

1999 జనవరి 26న మొదలైన రైతు బజార్లు కూరగాయల వరకు గెలిచాయి. ఎందుకు గెలిచాయో చూస్తే విషయం తెలుస్తుంది. కొనేవాడు ఎదురుగా ఉంటాడు, సరుకు బుట్టెడు, డబ్బు అప్పటికప్పుడే, ధర బోర్డు మీద రాసి ఉంటుంది. నాలుగు పనుల్లో మూడు అక్కడ తమంతట తాము తీరిపోతాయి. లారీలకొద్దీ బెల్లానికి ఆ పద్ధతి సరిపోదు.

2016 ఏప్రిల్‌లో కేంద్రం ఈ-నామ్ పేరుతో ఆన్‌లైన్ మార్కెట్ తెచ్చింది. దూరపు వర్తకుడు కంప్యూటర్‌లో ధర వేయవచ్చు. ఇది మొదటి పనికి మంచి మందు. కాని రకం నిర్ధారణ నమ్మదగ్గది కాకపోతే, చూడని సరుకుకు ఎవరూ పెద్ద ధర వేయరు. 2020 సెప్టెంబరులో వచ్చిన సాగు చట్టాలు యార్డు బయట అమ్మకానికి తలుపులు తీశాయి. రైతును మధ్యవర్తుల నుంచి విడిపిస్తామన్నది సర్కారు మాట. పంజాబ్ రైతులు తమ కమీషన్ ఏజెంట్లైన అఢ్తియాల పక్కనే నిలబడి ఉద్యమించారు. 2021 నవంబరులో ఆ చట్టాలు రద్దయ్యాయి. అర్ధరాత్రి అప్పిచ్చే మనిషిని తీసేస్తామన్న సర్కారు, ఆ అప్పు ఎవరిస్తారో చెప్పలేకపోయింది.

రెండు వాదాలు

అర్థశాస్త్రజ్ఞుల్లో ఎక్కువమంది మధ్యవర్తిని సమర్థిస్తారు. వెతకడానికి, బేరమాడటానికి, నమ్మడానికి ఖర్చవుతుంది, ఆ ఖర్చును తగ్గించేవాడికి ప్రతిఫలం దక్కాలి అంటారు. సమాచారం చేరితే ఆ ప్రతిఫలం తగ్గుతుందనడానికి రుజువులూ ఉన్నాయి. 1997 నుంచి 2001 దాకా ఉత్తర కేరళ తీరానికి సెల్‌ఫోన్ వచ్చినప్పుడు రేవుకూ రేవుకూ చేపల ధరల్లో తేడా బాగా తగ్గిపోయిందని రాబర్ట్ జెన్సన్ 2007లో చూపించాడు.

రైతు సంఘాల వాదం వేరు. ధర తెలిసినంత మాత్రాన అమ్ముకునే స్వేచ్ఛ రాదు అంటాయి. ఫోనులో అనకాపల్లి ధర చూసుకోవడం ఇవాళ చిన్న పిల్లాడికీ వచ్చు. అప్పున్న రైతు ఆ ధర చూసి ఏం చేస్తాడు? ఇక కౌలు రైతు సంగతి మరీ చిక్కు. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కార్డు కావాలంటే భూయజమాని ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే బ్యాంకు గుమ్మం మూసుకుంటుంది, కొట్టు గుమ్మం తెరుచుకుంటుంది.

నిజానికి ఈ రెండు వాదాలూ రెండు వేర్వేరు పనుల గురించి మాట్లాడుతున్నాయి. మొదటివారు చూసేది దారి చూపేవాణ్ణి, రెండోవారు చూసేది అప్పిచ్చేవాణ్ణి. ఇద్దరికీ ఒకే పేరు ఉండటంతో వాదన ఎప్పటికీ తెగడం లేదు.

పేరు మారిన దళారులు

బర్మాకు కూలీలను తీసుకెళ్లిన మేస్త్రీలు ఉత్తరాంధ్ర పల్లెల్లో ముందు అడ్వాన్సు ఇచ్చి, ఆపైన రంగూన్ ఓడ ఎక్కించారు. దారి చూపడం, అప్పివ్వడం అక్కడా ఒకే చేతిలో ఉన్నాయి. ఇవాళ గల్ఫ్‌కు పంపే ఏజెంట్లు 1983 నాటి వలసల చట్టం కింద నమోదు కావాలి. నమోదు లేనివారికి డబ్బు కట్టి మోసపోయినవారి కథలు ఉత్తరాంధ్రలో కొత్తేమీ కావు.

సరుకు చూపి, చెల్లింపుకు పూచీ పడి, నాణ్యతకు నక్షత్రాలు వేసి, ప్రతి అమ్మకంలో వాటా తీసుకునే యాప్‌ను మనం ప్లాట్‌ఫామ్ అంటున్నాం. పైగా కొన్ని యాప్‌లు అమ్మకందారులకు అప్పు కూడా ఇప్పిస్తున్నాయి. పని మాత్రం పాతదే, మర్యాదే కొత్తది. అల్-షైజరీ అడిగిన ప్రశ్నే ఇక్కడా అడగాలి: చూపేవాడే తన సొంత సరుకు కూడా అమ్ముతున్నాడా?

తేల్చవలసింది

దళారి అనే మనిషిని తీసేయడం ఖిల్జీ వల్ల కాలేదు, మన చట్టాల వల్లా కాలేదు. అతను చేసే పనులను ఒక్కొక్కటిగా మరొకరు భుజాన వేసుకున్న చోటే అతను తగ్గాడు. ఉత్తరాంధ్ర చెరకు రైతు విషయంలో వరస కూడా స్పష్టంగానే ఉంది. 14 రోజుల చెల్లింపు నియమాన్ని ఫ్యాక్టరీలు పాటించేలా చూడటం మొదటిది. కౌలు రైతుకు యజమాని సంతకంతో పని లేకుండా పంట రుణం అందించడం రెండోది. తూచేవారు, రకం తేల్చేవారు ఏ కొట్టుకూ కట్టుబడకుండా మార్కెట్ కమిటీ జీతం మీద పనిచేయడం మూడోది. ఈ మూడూ జరిగితే కొనేవాణ్ణి చూపే పని ఎవరు చేసినా రైతుకు నష్టం లేదు, దానికి న్యాయమైన రుసుము ఇవ్వడానికి అతను వెనకాడడు కూడా. ఇకమీదట ఎవరైనా నాయకుడు వేదిక మీద దళారీ వ్యవస్థను రద్దు చేస్తామంటే, నాలుగు పనుల్లో ఏది రద్దు చేస్తారో, మర్నాటి నుంచి ఆ పని ఎవరు చేస్తారో చోడవరం ఓటరు అక్కడికక్కడే అడగాలి.